తేరి మైదానం కాదు

జెబకని టీచర్ కోపం ఎలా ఉంటుందో మా బడిలో కొత్తగా చేరిన పిల్లలకు కూడా వారం తిరక్కుండా తెలిసిపోయేది. ఆవిడ ఎవరినీ కొట్టదు. చేతిలో ఉన్న సుద్దముక్కను విరుస్తుంది. చిన్న కోపమైతే రెండు ముక్కలు, పెద్దదైతే పొడి. సొక్కన్‌విళై ప్రాథమిక పాఠశాలకు నేను హెడ్మాస్టరును, మిగతా టీచర్లంతా కలిపి ఆవిడ ఒక్కతే. కనుక సుద్దముక్కల డబ్బా ఎందుకంత తొందరగా ఖాళీ అవుతోందో పైవాళ్ళకు చెప్పుకోవలసింది నేనే.

ఆ రోజు మూడు సుద్దముక్కలు పొడి అయ్యాయి. మూడో తరగతిలో భూస్వరూపాల పాఠం. పాఠం మొదలుపెట్టే ముందు, "మన ఊరి చుట్టూ నేల ఎలా ఉంటుందో బొమ్మ వెయ్యండి" అని పిల్లలకు తలా ఒక కాగితం ఇచ్చింది. ఇరవై ముగ్గురు పిల్లలు. ఇరవై మూడు కాగితాల మీదా ఒకటే బొమ్మ. రెండు కొండలు, వాటి సందులోంచి సగం సూర్యుడు, కొండల కింద నుంచి మెలికలు తిరుగుతూ వచ్చే ఏరు, ఏటి పక్కన గుడిసె, పైన నాలుగు పక్షులు.

మా ఊళ్ళో కొండ లేదు. ఏరూ లేదు. ఊరికి మూడు వైపులా తేరి, నాలుగో వైపు తిరుచ్చెందూరు పోయే రోడ్డు. తేరి అంటే కుంకుమ ఆరబోసినట్టు ఎర్రటి ఇసుక దిబ్బలు, ఒకదాని వెనక ఒకటి. తాటిచెట్లు సగం వరకు ఇసుకలో కూరుకుపోయి, తలలు మాత్రం పైకి పెట్టుకుని నిలబడి ఉంటాయి.

"ఏరా సుడలైముత్తూ, ఈ కొండ మన ఊళ్ళో ఎక్కడుంది?"

"ఇక్కడే టీచర్. కాగితం మీద."

"నువ్వెప్పుడైనా కొండని చూశావా?"

"చూశాను టీచర్. పోయినేడు కూడా ఇదే వేశాను."

పక్క గదిలో ఉన్న నేను ఆపుకోలేక నవ్వాను. అది ఆవిడకు వినబడింది.

"నవ్వండి సార్, మీకేం పోయింది? మీరు కోవిల్‌పట్టి నల్లరేగడిలో పుట్టారు. మీ నేల పేరు ప్రతి పుస్తకంలోనూ ఉంది" అంది గుమ్మంలోకి వచ్చి.

ఆ మాటలో నాకప్పుడు ఎత్తిపొడుపు ఒకటే వినబడింది. దాని వెనకున్న సంగతి చాలా రోజుల తర్వాత ఆవిడే చెప్పింది. జెబకని పుట్టింది మాకు రెండు మైళ్ళ అవతలి పల్లెలో. తండ్రి తాటిచెట్లెక్కేవాడు. నీరా దిగే నెలల్లో ఇంటిల్లిపాదీ తేరిలోకే కాపురం మార్చేవాళ్ళు. పొద్దున తండ్రి దించిన నీరాను బెల్లం కాచే పొయ్యి దగ్గర తల్లికి చేర్చే పని జెబకనిది. పది దాటితే ఇసుక పెనంలా కాలుతుంది. నెత్తిన కుండతో ఒక చెట్టు నీడ నుంచి ఇంకో చెట్టు నీడకు పరుగెత్తేది. అలా పరుగెత్తుతూనే చదువుకుంది, పాళయంకోట్టైలో టీచర్ ట్రైనింగుకు సీటు తెచ్చుకుంది. అక్కడ ఒక లెక్చరర్ అందరినీ లేపి తమ ఊరి నేల గురించి చెప్పమన్నాడట. జెబకని లేచి, "మా ఊళ్ళో ఎర్ర ఇసుక కొండలుంటాయి సార్, అవి గాలికి నడుస్తాయి" అంది. ఆయన, "అమ్మాయ్, ఇసుక దిబ్బలు చూడాలంటే రాజస్థాన్ రైలెక్కాలి, తిరుచ్చెందూరు బస్సు కాదు" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. ఆ రెండేళ్ళూ హాస్టల్లో ఆవిడ పేరు రాజస్థానే.

"ఆ లెక్చరర్ పుస్తకంలో చూపించు అన్నారు సార్. చూపించలేకపోయాను. కళ్ళతో చూసింది పుస్తకంలో లేకపోతే లేనట్టేనా?" అని అడిగింది నన్ను.

బొమ్మల సంగతి జరిగిన మర్నాడు ఆవిడ నా బల్ల ముందు నిలబడింది. పిల్లలను తేరిలోకి తీసుకెళ్ళి పాఠం చెప్తానంది.

"పాములుంటాయమ్మా. ఎండ ఒకటి. ఎవరికైనా ఏమైనా అయితే ముందు నన్ను పట్టుకుంటారు" అన్నాను.

"ఆ పిల్లలు తేరిలో పుట్టారు సార్. పాము కనిపిస్తే మీకంటే వాళ్ళే ముందు తప్పుకుంటారు."

"తల్లిదండ్రులు ఒప్పుకుంటే చూద్దాం."

వాళ్ళు ఒప్పుకోరని నాకు తెలుసు. తెలిసే ఆ మాట అన్నాను. కాదనడం నా నోటితో ఎందుకని.

శుక్రవారం మధ్యాహ్నం తల్లులు వచ్చారు. సుడలైముత్తు తల్లి ఇసక్కియమ్మాళ్ తాటాకు పెట్టెలు అల్లుతుంది. ఒడిలో సగం అల్లిన పెట్టెతోనే వచ్చి కూర్చుంది. జెబకని చెప్పిందంతా చేతులు ఆపకుండా విని, చివర్లో తలెత్తింది.

"టీచరమ్మా, నీకేమైనా మతిపోయిందా? తెల్లారితే వీడి నాన్న ఆ ఇసకలోకే పోతాడు. నేను ఆ ఇసకలోంచే ఆకు మోసుకొస్తాను. వీడైనా దాని మొహం చూడకుండా బతకాలనేగా బడికి పంపేది? నువ్వు మళ్ళీ దాన్నే పాఠమంటే ఎట్టాగ?"

"దాని గురించి తెలుసుకుంటే తప్పేముంది ఇసక్కీ?"

"తెలియందెవరికి? నీకు తెలియకపోతే నన్నడుగు, చెప్తా. పిల్లోడికి మాత్రం ఇంగ్లీషు చెప్పు."

అందరూ నవ్వారు. జెబకని కూడా నవ్వబోయింది కానీ మొహం సహకరించలేదు. ఆ తల్లి మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. జెబకనికి మింగుడుపడనిది అదే. ఆ సాయంత్రం ఇంటికి పోతూ, "నేను పారిపోయి వచ్చిన చోటికే పిల్లల్ని లాక్కుపోతున్నానని వాళ్ళు అనుకుంటున్నారు సార్. నిజమేనేమో కూడా" అంది.

కానీ వదిలిపెట్టలేదు. పిల్లలు తేరికి పోకూడదంటే తేరినే బడికి తెస్తానంది. సోమవారం నేను వచ్చేసరికి, బడి వంటామె పాప్పా అక్క వరండాలో నిలబడి ఊరంతా వినిపించేలా అరుస్తోంది.

"సాంబారు గుండిగలో మన్నా! రేపు పిల్లల పళ్ళ కింద కరకరమంటే ఎవరు చెప్తారు జవాబు? నువ్వు టీచరువా, ఇల్లు కట్టే మేస్త్రీవా?"

"కడిగి ఇస్తానక్కా."

"ఏ నీళ్ళతో కడుగుతావు? ట్యాంకరు వచ్చేది శుక్రవారం!"

నాలుగు గుండిగల ఎర్ర ఇసుక వరండా చివర కుప్పగా పడి ఉంది. పిల్లలు దాని చుట్టూ మోకాళ్ళ మీద కూర్చుని దిబ్బలు చేస్తున్నారు. తాటిచెట్లకు చీపురు పుల్లలు గుచ్చారు, బడికి అగ్గిపెట్టె పెట్టారు. శనివారాలూ ఆదివారాలూ ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. అది జూలై నడుమ మొదలయ్యే ఆడి నెల, మా వైపు గాలి మనిషిని నిలబడనివ్వదు. రెండో సోమవారం అన్నసెల్వి అనే పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది.

"టీచర్! మన తేరి నడిచిపోయింది! అగ్గిపెట్టె మీదికెక్కేసింది!"

జెబకని మొహం అంతగా వెలగడం నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా పెద్దగా చూడలేదు. ఏ వైపు నుంచి ఎక్కి ఏ వైపుకు జారిందో పిల్లలు వాళ్ళకు వాళ్ళే చెప్పుకున్నారు. బడి వెనక గోడకు పది గజాల దూరంలో అసలు తేరి మొదలవుతుంది. దాని అంచున తాటిమట్టలు వరసగా పాతారు. ప్రతి సోమవారం పోయి చూసి నోటుబుక్కులో రాసుకునేవాళ్ళు. ఆడి నెల ముగిసేసరికి దిబ్బ రెండు మట్టలను మింగి మూడో మట్ట మొదలు దాకా వచ్చింది. గోడ దాటి పది గజాలు పోవడానికి నేను అనుమతి ఇవ్వలేదు. పోవద్దని కూడా అనలేదు.

ఫిబ్రవరిలో, మాసి నెల మొదలయ్యాక, పై నుంచి ఒక అధికారి చేతిలో ట్యాబు పట్టుకుని మూడో తరగతికి పరీక్ష పెట్టడానికి వచ్చారు. నెమ్మదైన మనిషి. ఇరవై ప్రశ్నల్లో పదకొండోది ఇది: మీ ఊరు ఏ భూస్వరూపం మీద ఉంది? కొండ, పీఠభూమి, మైదానం, ద్వీపం. ఇచ్చిన కాగితంలో ఒకదాని మీద పిల్లలు గీత పెట్టాలి, అది చూసి ఆయన ట్యాబులో నొక్కుతారు. పద్దెనిమిది మంది పిల్లలు దేని మీదా గీత పెట్టలేదు. కాగితం అంచున 'తేరి' అని రాశారు. సుడలైముత్తు అయితే బొమ్మ కూడా వేశాడు.

"మైదానం అని పెట్టాలమ్మా, తీర మైదానం" అన్నారు అధికారి.

"ఎవరు చెప్పారు సార్?"

"జవాబుల పట్టీలో అలా ఉంది."

"చెప్పులు విప్పి ఆ గోడ అవతల ఇరవై అడుగులు నడవండి సార్. మైదానమో కాదో మీ కాళ్ళే చెప్తాయి."

"అమ్మా, పట్టీ నేను రాయలేదు. పిల్లలు రాసింది తప్పని నేననడం లేదు. ఈ ట్యాబులో నొక్కడానికి 'తేరి' అనే గడి లేదు. నన్నేం చెయ్యమంటారు?"

ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకపోయింది. నెలన్నరకు తాఖీదు వచ్చింది. మూడో తరగతి పిల్లలకు భూస్వరూపాలు నేర్పడంలో టీచరు విఫలమయ్యారని, వివరణ ఇవ్వాలని. అందినట్టు నేనే ఆవిడ చేత సంతకం పెట్టించాను.

"వివరణ నాలుగు ముక్కల్లో రాసి పంపెయ్యమ్మా. ఇకముందు శ్రద్ధ తీసుకుంటానని రాస్తే సరిపోతుంది" అన్నాను.

"మీ నల్లరేగడి పొలాన్ని ఎవరైనా సున్నపు గని అని రాస్తే మీరు సంతకం పెడతారా సార్?"

"ఉద్యోగం కోసమైతే పెడతాను."

"తెలుసు" అంది. ఆ తర్వాత నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆవిడ రాసిన వివరణ నాలుగు పేజీలు. మట్టలు పాతిన లెక్కలు కూడా జత చేసింది. జవాబు రాలేదు. ఇంకోటి రాసింది. మూడోదానికి మాత్రం పిలుపు వచ్చింది. జిల్లా పిల్లల కోసం స్థానిక పాఠాల పుస్తకం ఒకటి వేస్తున్నారని, నాలుగు రోజుల పాటు జిల్లా కేంద్రానికి వచ్చి తేరి గురించి పాఠం రాయమని. ఆ ఉత్తరం పట్టుకుని ఆవిడ నా గదికి పరుగెత్తుకొచ్చింది.

వెళ్ళే ముందు తేరి భాగాలకు పేర్లు కావాలనుకుంది. తండ్రి బతికి లేడు. ఆయనతో కలిసి చెట్లెక్కిన ముత్తుక్కుట్టి ఉన్నాడు. నన్ను కూడా రమ్మంటే తోడు వెళ్ళాను. ముత్తుక్కుట్టి చెట్టు దిగి, నడుముకున్న కత్తిపెట్టె తీసి పక్కన పెట్టి, మా ఇద్దరినీ ఎగాదిగా చూశాడు.

"ఏమే జెబకనీ, నీకు అక్షరాలు చెప్పిన బళ్ళన్నీ అయిపోయాయా? నా దగ్గర చేరుదామని వచ్చావా?"

"అవును చిన్నాన్నా. ఫీజెంత?"

"హెడ్మాస్టరు గారిని చెట్టెక్కించు, చాలు."

కాసేపు నన్ను ఆటపట్టించాక చెప్పడం మొదలుపెట్టాడు. గాలి ఎక్కే వాలు తేరి వీపు. అవతల ఇసుక జారిపడే వైపు కొంగు. రెండు దిబ్బల నడుమ పల్లం ఒడి. వాన వెలిశాక ఒడిలో నీళ్ళు నిలుస్తాయి, నక్కలు అక్కడికే వస్తాయి. వీపు మీద కాలు దిగదు, కొంగు మీద మోకాలి దాకా దిగుతుంది. అందుకే కుండలతో నడిచేవాళ్ళు వీపు మీదే నడుస్తారు. "మీ నాన్న నీకు చెప్పలేదా ఇవన్నీ?" అని అడిగాడు.

"చెప్పే ఉంటాడు చిన్నాన్నా. కాళ్ళు కాలుతుంటే ఎవరు వింటారు?"

ఆవిడ అన్నీ రాసుకుంది. నాలుగు రోజులు పోయి పాఠం రాసి ఇచ్చి వచ్చింది. పిల్లలు వేసిన ఎర్ర తేరి బొమ్మలు ఆరు కూడా ఇచ్చింది. ఏడాది ఎదురుచూసింది. ఆ ఏడాది ఆవిడకు తను కాపురముండే ఊరి బడికి బదిలీ వచ్చే అవకాశం ఉన్నా అడగలేదు. పుస్తకం వచ్చాక చూద్దామంది.

పుస్తకాల కట్ట జూన్ చివర వచ్చింది. తాడు నేనే కోశాను. జెబకని పై పుస్తకం తీసి, పాఠం ఉన్న పేజీ తెరిచి, అలాగే నిలబడిపోయింది. ఆవిడ భుజం మీదుగా చూశాను. పాఠం పేరు సరిగ్గానే ఉంది, 'మన తేరి'. ఆవిడ పేరూ చివర చిన్న అక్షరాల్లో ఉంది. పేజీ నిండా బొమ్మ. పసుపు పచ్చటి ఇసుక, ఒక ఖర్జూరపు చెట్టు, తలపాగా చుట్టుకున్న మనిషి, ఆ మనిషి పట్టుకున్న ఒంటె.

ఆవిడ పుస్తకం నా చేతిలో పెట్టి బల్ల మీద కూర్చుంది. పిల్లలు మాత్రం ఆగలేదు. నాలుగు, ఐదు తరగతుల వాళ్ళు కూడా మూగారు.

"ఒంటె టీచర్! మన తేరికి ఒంటె ఎప్పుడొస్తుంది?"

"మా నాన్న దాని మీద కుండలు పెట్టుకోవచ్చా టీచర్?"

అక్కడి నుంచే పుస్తకం వేసిన ఆఫీసుకు ఫోన్ చేశాను. అవతలి మనిషి మంచివాడే. "బొమ్మలు వేసినాయన ఈ జిల్లా వాడు కాదు సార్. ఇసుక దిబ్బ అని రాసి పంపాం, ఆయనకు తెలిసినట్టు వేశాడు. పిల్లల బొమ్మలు అచ్చుకు పనికిరావన్నారు. వచ్చే ముద్రణలో చూద్దాం" అన్నాడు. ఫోన్ పెట్టి తిరిగి చూస్తే జెబకని కళ్ళు తుడుచుకుంటోంది. ఆవిడ ఏడవడం నేను చూసింది అప్పుడే.

"ఇన్నాళ్ళూ పుస్తకంలో లేదని ఏడ్చాను సార్. ఇప్పుడు ఉంది. ఇంతకంటే లేకపోవడమే నయం."

మర్నాడు ఆవిడ మైదాపిండి జిగురు కాచి తెచ్చింది. పాప్పా అక్కే జల్లెడ ఇచ్చింది, ఈసారి నోరెత్తలేదు. పిల్లలు ఎర్ర ఇసుకను మెత్తగా జల్లించారు. వచ్చిన పుస్తకాలన్నిటిలోనూ ఆ పేజీ తెరిచి, పసుపు మీద జిగురు రాసి, పైన ఇసుక చల్లి దులిపారు. ఒంటె కూడా ఇసుక కిందికి పోయింది. కనీసం తలైనా ఉంచమని సుడలైముత్తు బతిమాలాడు. "వద్దు" అంది. ఆరాక పుస్తకాలు అప్పడాల్లా ఉబ్బాయి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే నిలబడలేదు. పేజీ తిప్పినప్పుడల్లా ఇసుక రాలి పిల్లల ఒళ్ళంతా ఎర్రగా అయ్యేది. ప్రభుత్వ పుస్తకాలను పాడుచేశారని ఎవరైనా అడిగితే నేనే చేయించానని చెప్పాలనుకున్నాను. ఎవరూ అడగలేదు.

ఆ వారమే తేరికి పోవడానికి కాగితం మీద సంతకం పెట్టాను. రెండేళ్ళు ఆలస్యంగా. ఇసక్కియమ్మాళ్ ఇంటికి నేనే స్వయంగా వెళ్ళాను. పుస్తకంలో ఒంటె సంగతి ఆమెకు అప్పటికే తెలుసు.

"ఒంటెనా? మా ఆయన ముప్పై ఏళ్ళుగా చెట్లెక్కుతున్న తేరిలో ఒంటె తోలేవాణ్ణి పెట్టారా?" అని అల్లుతున్న పెట్టెను విసిరికొట్టింది. "పిల్లల్ని నేనూ తోలుకొస్తా. చెప్పుల్లేకుండా ఒక్కడు కదిలినా ఊరుకోను."

ఆ నడక జెబకని అనుకున్నట్టు జరగలేదు. పొద్దున ఏడింటికి మొదలుపెట్టాం. వీపు, కొంగు, ఒడి అన్నీ చూపించాలని ఆవిడ కాగితం రాసుకొచ్చింది. మొదటి దిబ్బ ఎక్కగానే పిల్లలు కొంగు మీది నుంచి దొర్లడం మొదలుపెట్టారు. "ఆగండర్రా, వినండి! అన్నసెల్వీ, ఇది ఏ వైపు?" అని ఆవిడ అరుస్తుంటే గాలి ఆ మాటల్ని అటే పట్టుకుపోయింది. ఎవరూ వినలేదు. ఒక పిల్ల చెప్పు ఇసుకలో పోయింది, దానికోసం అరగంట తవ్వారు, దొరకలేదు. తొమ్మిదికే ఎండ కాలిపోతోందని ఇసక్కియమ్మాళ్ అందరినీ వెనక్కి మళ్ళించింది.

"చూశావా టీచరమ్మా, నీ పాఠం ఎవడు విన్నాడు?" అంది దారిలో.

"ఒక్కడూ వినలేదు" అంది జెబకని. రాసుకొచ్చిన కాగితం నలిపి సంచిలో పడేసింది. చెమటతో ఎర్రబారిన మొహం, జుట్టంతా ఇసుక.

ఆ ఏడు మాసి నెలలో మళ్ళీ పరీక్ష. ఈసారి ఇంకో అధికారి, అదే ట్యాబు, అదే ప్రశ్న. ముందు రోజు సాయంత్రం ఆవిడ క్లాసులో చెప్పిన మాట నేను గుమ్మం బయట నిలబడి విన్నాను.

"రేపు మైదానం మీద గీత పెట్టండి."

"అది తప్పు కదా టీచర్?" ఒక చిన్న గొంతు అడిగింది.

"తప్పే."

"మరి?"

సుద్దముక్క విరిగిన చప్పుడు వినబడింది. "పెట్టండి. మార్కులు పోతే పోయేవి మీవి, నావి కాదు" అంది చివరికి. బయటికి వచ్చినప్పుడు నన్ను చూసి తల తిప్పుకుంది. పిల్లలందరికీ ఆ ప్రశ్నకు మార్కు వచ్చింది. బడి బాగా మెరుగుపడిందని మెచ్చుకుంటూ ఉత్తరం కూడా వచ్చింది. చదువుతానంటే వద్దంది.

ఆ మరుసటి ఏడు నేను రిటైరై మా ఊరు వచ్చేశాను. జెబకని ఇంకా అక్కడే ఉంది. పోయిన నెల ఫోన్ చేసింది.

"కొత్త ముద్రణ వచ్చింది సార్. మన పాఠం తీసేశారు. పిల్లలకు బరువు తగ్గించారట."

"ఒంటెతో సహానా?"

"ఒంటెతో సహా." నవ్విందో లేదో తెలియలేదు. "ఈ కొత్త హెడ్మాస్టరు కూడా మీలాగే సార్. పాములంటాడు, ఎండంటాడు. రెండు వారాలు తిప్పించుకుని సంతకం పెట్టాడు. ఎల్లుండి పొద్దున ఆరింటికే బయల్దేరుతున్నాం."

"ఈసారైనా వింటారా పిల్లలు?"

"ఎక్కడ వింటారు సార్! దొర్లుతారు. ఇసక్కి కూడా వస్తానంది, దారంతా నన్ను తిట్టడానికి. సరే ఉంటాను, పిల్లలకు చెప్పులు తక్కువ పడ్డాయి, అడిగి తేవడానికి నాలుగిళ్ళు తిరగాలి."